వంటశాలలో ప్రభు సన్నిధి: బ్రదర్ లారెన్స్ జీవితం

వానాకాలం నాట్లు మొదలయ్యాయంటే లింగాల ఘనపూర్ మండలంలోని పల్లెల్లో ఆడవాళ్ళకు తెల్లవారుజామునే రోజు మొదలవుతుంది. వాకిలి ఊడ్చి సాన్పి చల్లాలి, ఇంటిల్లిపాదికీ వండాలి, సద్ది కట్టుకొని పొద్దెక్కకముందే పొలం గట్టు మీద ఉండాలి. పత్తి ఏరే రోజుల్లో నడుము వంచితే మళ్ళీ ఎత్తేది సాయంత్రానికే. మగవాళ్ళలో కొందరు జనగామ స్టేషన్‌లో రైలెక్కి హైదరాబాదుకు పనికి పోయి, పిల్లలు పడుకున్న తరువాత గాని ఇల్లు చేరరు. ఇలాంటి ఇళ్ళల్లో ప్రార్థన మాట ఎత్తితే తీరిక ఎక్కడిదని ఎదురు అడుగుతారు. అది సాకు కాదు, నిజమే. కాకపోతే ఆ నిజం చాటున మనకు తెలియకుండానే ఒక అలవాటు పాతుకుపోయింది. ప్రభువు గుడిలో ఉంటాడు, ఆదివారం ఉంటాడు, జపమాల చేతిలోకి తీసుకున్నప్పుడు ఉంటాడు. మిగిలిన వేళల్లో మనం వేరు, ఆయన వేరు. మన బతుకులో ఎక్కువ భాగం ఆ మిగిలిన వేళలే కదా! ప్రతి ఆదివారం దివ్యబలిపూజ దొరకని పల్లెలూ మనకున్నాయి. అక్కడి విశ్వాసులు వారాల తరబడి ప్రభువును దూరంగా పెట్టి బతకవలసిందేనా?

ఈ ప్రశ్న మనలను మూడున్నర శతాబ్దాల వెనుకకు, పారిస్ నగరంలోని ఒక మఠపు వంటశాలకు తీసుకుపోతుంది. అక్కడ వంట చేసిన బ్రదర్ లారెన్స్‌ను శ్రీసభ పునీతునిగా ప్రకటించలేదు. ఆయన గురువు కాదు, పండితుడు కాదు, ఏ సభనూ స్థాపించలేదు. అయినా 2025 డిసెంబరులో పద్నాలుగవ లియో జగద్గురువులు లెబనాన్ నుంచి రోముకు తిరిగి వెళ్తూ, విమానంలో విలేకరులతో మాట్లాడినప్పుడు తన ఆధ్యాత్మికతను అర్థం చేసుకోవాలంటే ఈ వంటవాని చిన్న పుస్తకం చదవమని చెప్పారు.

ఆయన అసలు పేరు నికొలా హెర్మన్. ఇప్పటి ఫ్రాన్స్ తూర్పు భాగంలోని లొరేన్ ప్రాంతంలో, లూనెవిల్ పట్టణానికి దగ్గరి ఎరిమెనిల్ అనే పల్లెలో 1614 ప్రాంతంలో పుట్టారు. పేద కుటుంబం, చదువు అంతంత మాత్రం. పద్దెనిమిదేళ్ళ వయసులో ఒక చలికాలపు రోజున ఆకులన్నీ రాలిపోయిన ఒక చెట్టు ఆయన కంటబడింది. ఎండిపోయినట్టున్న ఈ కొమ్మలకు కొన్నాళ్ళలో చిగుళ్ళు వస్తాయి, ఆ తరువాత పూలు, కాయలు వస్తాయి అనే ఆలోచన ఆయన మనసులో మెదిలింది. అంతే, దేవుని శక్తీ, ఆయన కాపుదలా గుండెలో నాటుకుపోయాయి. ఏ దర్శనమూ కలుగలేదు, ఏ స్వరమూ వినబడలేదు. ఆకు రాల్చిన మోదుగ చెట్లను మనమూ ఏటేటా చూస్తూనే ఉన్నాం, చూసి దాటిపోతున్నాం. ఆయన ఆగారు. ఆ రోజు కలిగిన ప్రేమ తరువాతి నలభై ఏళ్ళలో పెరిగిందో లేదో తాను చెప్పలేనని ముసలితనంలో అన్నారు.

అయితే ఆ మరునాడే ఆయన మఠంలో చేరలేదు. ఐరోపాను ముప్పై ఏళ్ళ యుద్ధం కాల్చేస్తున్న కాలమది. నికొలా సైన్యంలో చేరారు. ఒకసారి జర్మన్ సైనికులు పట్టుకొని, గూఢచారివని అనుమానించి ఉరి తీస్తామని బెదిరించారు. తాను తప్పు చేయలేదు కనుక చావుకు భయపడనని ఆయన నిబ్బరంగా చెప్పడంతో వదిలేశారు. 1635లో రాంబెర్‌విలె దగ్గర గాయపడి ఇంటికి చేరారు. ఆ తరువాత జీవితమంతా కుంటుతూనే నడిచారు. కొంతకాలం ఏకాంతవాసం ప్రయత్నించారు గాని నిలువలేకపోయారు. ఒక పూట సంతోషం, ఒక పూట దిగులు. పారిస్ చేరి ఫియూబే అనే ఒక పెద్ద ఉద్యోగి ఇంట్లో నౌకరుగా కుదిరారు. అక్కడ చేతికి వచ్చిన ప్రతి వస్తువునూ పగులగొట్టే మొద్దు పనివాడినని తన గురించి తానే చెప్పుకున్నారు.

1640లో పారిస్‌లోని కార్మెల్ మఠంలో చేరారు. అవిలాపురి పునీత తెరేజమ్మ సంస్కరించిన సభ అది. వంటపాత్రల నడుమ కూడా ప్రభువు తిరుగుతుంటాడని తన కన్యలకు చెప్పిన తల్లి ఆమె. ఆ మాటకు నిలువెత్తు సాక్ష్యంగా ఒక వంటవాడు తన సభలోకి వస్తాడని ఆమెకు తెలియదు. ఆయన గురుత్వానికి కాక, సేవ చేసే సోదరునిగా చేరారు. పునరుత్థాన లారెన్స్ అనే పేరు పెట్టారు. తన మొద్దుతనానికి మఠంలో చీవాట్లు తింటూ, ఆ బాధను దేవునికి బలిగా ఇవ్వవచ్చని ఆశపడి వచ్చారట. తీరా చూస్తే సంతోషమే ఎదురై, దేవుడు తనను మోసం చేశాడని నవ్వుతూ చెప్పుకునేవారు.

ఆ నవ్వు అంత తేలికగా రాలేదు. చరిత్ర చెప్పేటప్పుడు మనం సాధారణంగా దాటేసే భాగం ఇదే. మఠంలో చేరిన తరువాత దాదాపు పదేళ్ళు ఆయన లోపల నలిగిపోయారు. తన పాపాలు కళ్ళముందు నిలిచేవి. తనకు రక్షణ లేదని, నరకమే గతి అని నాలుగేళ్ళపాటు గట్టిగా నమ్మారు. ఎవరు ఎంత నచ్చజెప్పినా ఆ దిగులు పోలేదు. చివరికి ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. నేను పోయేది ఎక్కడికైనా సరే, బతికి ఉన్నంత కాలం దేవుని ప్రేమ కోసమే ప్రతి పనీ చేస్తాను అనుకున్నారు. రక్షణ గురించిన బేరం మానుకున్నాక గాని ఆయనకు శాంతి దొరకలేదు. మొక్కులు, కోరికలు, ఫలితాల లెక్కలతోనే ప్రభువు దగ్గరకు వెళ్ళే మనకు ఇది కొంచెం గుచ్చుకునే విషయం.

ఆయనకు అప్పగించిన పని వంట. నిజానికి ఆ పనంటే ఆయనకు సహజంగానే అయిష్టం. అయినా సుమారు పదిహేనేళ్ళు చేశారు. పెద్ద మఠం, ఎందరికో వంట. ఒకరు ఉప్పు అడుగుతుంటే మరొకరు రొట్టె అడుగుతుంటారు, పొయ్యి మీద ఒకటి పొంగుతుంటుంది, ఇంకొకటి మాడుతుంటుంది. పని మొదలుపెట్టేముందు ఆయన ప్రభువుతో ఒక మాట చెప్పుకునేవారు, పని నడుమ ఇంకొక మాట, ముగిశాక కృతజ్ఞత. పెనం మీద అట్టు తిరగేయడం కూడా దేవుని ప్రేమ కోసమే చేసేవారు. చేతిలో పని లేని క్షణం దొరికితే అక్కడే నేల మీద సాగిలపడి ఆరాధించి లేచేవారు. నేల మీది గడ్డిపోచను ఎత్తడమైనా సరే, ప్రేమతో చేస్తే చాలని ఆయన నమ్మకం. ఆ గందరగోళంలో ఉన్నప్పుడూ, దివ్యసత్ప్రసాదం ఎదుట మోకరిల్లినప్పుడూ తనకు ఒకే శాంతి ఉండేదని చెప్పారు.

మఠానికి ద్రాక్షారసం కొనడానికి ఆయనను బర్గండీకి పంపారు, ఇంకొకసారి ఓవెర్న్‌కు పంపారు. వ్యాపారం తెలియదు, కాలు సరిగా లేదు. పడవలో పీపాల మధ్య నడవలేక, వాటి మీద దొర్లుతూ అటూ ఇటూ కదిలేవారు. ప్రభూ ఇది నీ పని అని అప్పగించి పూర్తి చేసుకొని వచ్చేవారు. వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర రోజుల తరబడి కాపలా పడుకున్న రైతుకు ఈ సంగతి మనకంటే బాగా అర్థమవుతుంది.

ధ్యాస చెదిరితే ఏం చేసేవారు? అందరిలాగే ఆయన ధ్యాసా చెదిరేది. గుర్తు రాగానే తిరిగి ప్రభువు వైపు మళ్ళేవారు. తప్పు జరిగితే ఒప్పుకొని, నీవు నన్ను నా మానాన వదిలేస్తే ఇంతేనయ్యా అన్నట్టు ఆయనతో చెప్పి, ఇక దాని గురించి కుమిలిపోకుండా పనిలో పడేవారు. ప్రార్థన పద్ధతులు నేర్పే పుస్తకాలు చాలా చదివి, అవి తనను మరింత తికమక పెట్టాయని పక్కన పెట్టారు. ఒక ధనవంతుని గుమ్మం ముందు నోరులేని బిచ్చగాడు కూర్చున్నట్టు దేవుని ముందు కూర్చోవడమే ఆయనకు తెలిసిన పద్ధతి.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. పని చేసుకుంటూ ప్రార్థిస్తే చాలు, గుడి ఎందుకు, పాపసంకీర్తనం ఎందుకు అనేవారు కొందరు ఈ మహనీయుని పేరు చెబుతుంటారు. అది ఆయనకు చేసే అన్యాయం. పెద్దలు నియమించిన వేళల్లో ఆయన ప్రార్థనకు వెళ్ళారు, పాపసంకీర్తనం చేశారు, సభ నియమాలను పాటించారు. వంటశాలను ఆయన గుడికి బదులుగా పెట్టుకోలేదు. గుడిలో కలిసిన ప్రభువును వంటశాలలో వదులుకోలేదు, అంతే. మన తెలుగు నేల మీద ఫిరంగిపురంలో పుట్టిన మదర్ జ్ఞానమ్మ భార్యగా, తల్లిగా, ఆ తరువాత వితంతువుగా సంసారాన్ని ఈడ్చిన తరువాతే ఆడపిల్లల చదువుకు, పునీత అన్నమ్మ కన్యల సభలకు పునాది వేశారు. దేవుడు ఆమెను పిలిచిందీ ఆ ఇంటి పనుల మధ్యనే.

కాలి పుండు, కీళ్ళ నొప్పి ముదిరాక లారెన్స్‌కు కూర్చొని చేసే పని ఇచ్చారు. మఠవాసులకు చెప్పులు కుట్టేవారు. 1666 ఆగస్టు 3న జోసెఫ్ ద బోఫోర్ అనే గురువు ఆయనను మొదటిసారి కలిశారు. ఆ తరువాత మరికొన్నిసార్లు మాట్లాడి, విన్నవి రాసి పెట్టుకున్నారు. ఫెనెలాన్ లాంటి మేధావి కూడా ఈ చెప్పులు కుట్టే సోదరుని దగ్గరకు వచ్చారు. లారెన్స్ చనిపోయాక ఆ సంభాషణలనూ, దొరికిన కొద్దిపాటి ఉత్తరాలనూ బోఫోర్ అచ్చు వేయించారు. ఇంతలో ఫ్రాన్స్ శ్రీసభలో ప్రార్థన గురించి పెద్ద వివాదం రేగింది. 1699లో ఫెనెలాన్ రచనలోని కొన్ని వాక్యాలను రోము ఖండించింది. ఆయన తన వాదనకు లారెన్స్‌ను సాక్ష్యంగా తెచ్చుకున్నందువల్ల ఈ అమాయకపు వంటవాని పుస్తకం కూడా కథోలికులలో చాలాకాలం మరుగున పడింది. దానిని చదివి నిలబెట్టినవారు ప్రొటెస్టంట్ సోదరులు. జాన్ వెస్లీ తన అనుచరుల కోసం దానిని ప్రచురించారు. మన ఇంటి దీపాన్ని పొరుగింటివారు కాపాడి ఇచ్చారు. వారికి మనం రుణపడి ఉన్నాం.

ఆయన రాసిన ఉత్తరాలలో ఎక్కువ భాగం మఠకన్యలకు, ఒకటి రెండు గృహస్థులకు సంబంధించినవి. ఒక సైనికునికి చెప్పమని ఆయన పంపిన సలహా చిన్నది: కవాతు మధ్యలో, కత్తి చేతిలో ఉండగానే ఒక్క క్షణం మనసును దేవుని వైపు ఎత్తితే చాలు, దాని సంగతి పక్కవాడికి కూడా తెలియదు. చేతిలో కత్తి ఉన్నవానికి వీలైనది కొడవలి ఉన్నవారికి, బస్సు స్టీరింగు పట్టినవారికి, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మకు వీలుకాదా? అయితే ఇది వెంటనే పట్టుబడుతుందని ఆయన ఎవరికీ ఆశ పెట్టలేదు. మొదట్లో బలవంతంగా చేయాలి, మరచిపోతాం, మళ్ళీ మొదలుపెట్టాలి. అలవాటు కావడానికి తనకే ఏళ్ళు పట్టిందని దాచకుండా రాశారు.

1691 ఫిబ్రవరి మొదటి వారంలో ఒక మఠకన్యకు రాసిన ఉత్తరంలో, ప్రభువు కనికరిస్తే కొద్ది రోజుల్లోనే ఆయనను చూస్తానని లారెన్స్ తెలిపారు. ఆ తరువాత రెండు రోజులకే మంచం పట్టారు. ఏం చేస్తున్నావని తోటి సోదరుడు అడిగితే, నిత్యత్వంలో చేయబోయే పనే ఇప్పుడూ చేస్తున్నానన్నట్టు, దేవుని స్తుతిస్తూ ప్రేమిస్తూ ఉన్నానని జవాబు ఇచ్చారు. ఫిబ్రవరి 12న, దాదాపు డెబ్బై ఏడేళ్ళ వయసులో కన్నుమూశారు. అప్పటికి ఆయన మఠంలో చేరి యాభై ఏళ్ళు దాటింది.