సవరభాష నేర్చిన గురువు

గిడుగు వేంకట రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. చిన్ననాడే తండ్రి మరణించడంతో కష్టపడి చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి పిల్లలకు చదువు చెప్పాలని రామమూర్తిగారు సంకల్పించారు. అందుకు ముందుగా తాను వారి భాష నేర్చుకోవాలి. కాని అప్పటికి సవరభాషకు లిపి లేదు. అది తెలుగువలె ద్రావిడభాష కాదు, ముండా భాషలలో ఒకటి. మాట మధ్యలో గొంతు క్షణకాలం బిగబట్టి పలికే ధ్వని అందులో ఉంది. దానిని రాయడానికి తెలుగులో అక్షరమే లేదు.

రామమూర్తిగారు వెనుదీయలేదు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తమ ఇంట్లోనే ఉంచుకొని భాష నేర్చుకోసాగారు. పుస్తకం లేనిచోట వినడమే చదువు, పలకడమే అభ్యాసం. అంతటితో తృప్తిపడక కొండలెక్కి సవర గూడేలకు వెళ్ళి, వారితో కలిసిమెలిసి మాట్లాడారు. సవరభాషలో పాఠ్యపుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. ఈ సేవను గుర్తించి ప్రభుత్వం 1913లో ఆయనకు రావుబహదూర్ బిరుదు ఇచ్చింది.

కొండలలో తిరిగినందువల్ల ఆయనకు మలేరియా జ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైను మందు వల్ల వినికిడి దెబ్బతిన్నది. చెవితో విని భాష నేర్చినవారికి ఇంతకంటె పెద్ద నష్టం ఏముంటుంది? అయినా ఆయన కృషి ఆగలేదు. ఆయన రచించిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేయించింది.

పిల్లలకు వారు మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని ఆయన నమ్మకం. తెలుగు పుస్తకాలు కూడా అందరికీ అర్థమయ్యే వాడుకభాషలో ఉండాలని ఉద్యమించారు. అందుకోసం 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రికను నడిపారు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. యాభై ఏళ్ళకు పైగా నివసించిన ఊరిని విడిచి రామమూర్తిగారు రాజమహేంద్రవరం వెళ్ళారు. ఊరు విడిచినా సవరభాషను విడువలేదు. 1938లో, డెబ్బై ఏళ్ళు దాటిన వయసులో, ఆయన కూర్చిన సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. కుమారుడు సీతాపతిగారు కూడా సవరభాషలో కృషిచేశారు.

రామమూర్తిగారు 1940 జనవరి 22న మరణించారు. ఆయన పుట్టినరోజును మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. తెలుగు కోసం జీవితమంతా పాటుపడిన ఆయనే పొరుగువారి భాషను వారితో మాట్లాడి నేర్చుకున్నారు. మాతృభాషపై ప్రేమకు పొరుగుభాష అడ్డు కాదని ఆయన జీవితం మనకు తెలుపుతుంది.