బూడిద దిబ్బల గుట్టు విప్పిన బ్రూస్ ఫుట్

బైబిలునందు అబ్రాహామనియు, ఖురానునందు ఇబ్రాహీమనియు కీర్తింపబడిన ప్రవక్త కాలము సంప్రదాయ గణనమున క్రీ.పూ. 2000 ప్రాంతము. పశువుల మందలే ఆనాటి ఐశ్వర్యము. ఆ కాలమున మన తెలుగునేలపై ఎవరు నివసించిరి? అనకాపల్లి చెంతనున్న బొజ్జన్నకొండను 1907-08లో అలెగ్జాండర్ రే త్రవ్వించెను గాని, ఆ బౌద్ధారామము లంతకు రెండువేల యేండ్లకు పైబడి తరువాతివి. మన ప్రశ్నకు సమాధానము వెదకవలెనన్న రాయలసీమకు, బళ్ళారికి పోవలెను. అచ్చట మనకంటె ముందే తిరిగినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్.

ఈయన 1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో జన్మించెను. 1858లో భారత భూవిజ్ఞాన సర్వే సంస్థలో చేరి మద్రాసునకు వచ్చెను. ఉద్యోగ ధర్మము శిలలను పరిశీలించి పటములు గీయుట. 1863 మే 30న మద్రాసు సమీపమున పల్లావరములో గులకరాళ్ళ నడుమ ఒక రాయి ఆయన కంటబడెను. అది ఆదిమానవుడు చెక్కిన చేగొడ్డలి అని ఆయన గుర్తించెను. భారతదేశమున పాతరాతియుగ పరిశోధన కదియే నాంది. ఆ యేడే విలియం కింగుతో కలిసి అత్తిరంపాక్కంలో మరిన్ని పనిముట్లను కనుగొనెను. అచ్చటి పనిముట్లు దాదాపు పదిహేను లక్షల యేండ్ల నాటివని 2011లో పండితులు ప్రకటించిరి.

ఆనాటి ఆంగ్ల బైబిలు ప్రతుల అంచులలో సృష్టి క్రీ.పూ. 4004లో జరిగినట్లు ముద్రించెడివారు. ఫుట్ మామగారైన పీటర్ పెర్సివల్ బైబిలును తమిళీకరించిన వారిలో ప్రముఖుడు. అట్టి కుటుంబమునకు అల్లుడై యుండియు, చేతిలోని రాయి పలికిన సాక్ష్యమును ఫుట్ దాచలేదు. ఇది సామాన్యమైన నిజాయితీ కాదని నా అభిప్రాయము.

నాటి కర్నూలు మండలమునకు చెందిన బేతంచెర్ల వద్ద బిల్లసుర్గం గుహలున్నవి. శాస్త్రవేత్త హక్స్‌లీ సూచనపై గవర్నరు గ్రాంట్ డఫ్ ఆ గుహల పరిశోధనకు పూనుకొనగా, 1883-85 నడుమ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ అచ్చట త్రవ్వకములు సాగించిరి. ఖడ్గమృగాది జంతువుల ఎముకలు విరివిగా లభించినవి.

అయినను ఆయన సూక్ష్మబుద్ధికి గీటురాయి బళ్ళారి ప్రాంతపు బూడిద దిబ్బలు. ఇవి కొన్ని చిన్నకొండలవలె నుండును. హంపీ చెంత నింబాపురములోని దిబ్బ వాలిని దహనము చేసిన చోటని జనులు చెప్పుకొందురు. అగ్నిపర్వతపు బూడిదయని కొందరు, సామూహిక దహనముల అవశేషమని రాబర్ట్ సూయెల్, లోహములు కరగించిన కొలుముల చిట్టెమని మరికొందరు తలంచిరి. ఫుట్ ఆ దిబ్బల చెంత నునుపుగా నూరిన రాతి గొడ్డళ్ళను, కుండపెంకులను, పశువుల ఎముకలను చూచెను. అది కాలిన పేడ తప్ప వేరుగాదనియు, కొత్తరాతియుగపు పశుపాలకుల నివాసములే ఇవియనియు నిర్ణయించెను. పేడకుప్పలో చరిత్రయేమని నవ్వువారు ఏ కాలమునను ఉందురు గదా!

1890లో పెట్రీ పాలస్తీనాలోని తెల్ ఎల్ హెసీ దిబ్బను త్రవ్వి, పొరపొరకు మారు కుండపెంకులనుబట్టి కాలము నిర్ణయించు మార్గము చూపెను. మన దిబ్బలకు అట్టి అదృష్టము ఆలస్యముగా పట్టినది. 1957లో మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు దిబ్బను ఆల్చిన్ త్రవ్వగా, పశువుల దొడ్డి చుట్టును నాటిన గుంజల గుంతలు, బూడిదలో ఎద్దుల గిట్టల ముద్రలు బయల్పడినవి. మందలను దొడ్డిలో కట్టి, పేరుకొనిన పేడను ఎప్పటికప్పుడు కాల్చెడివారన్నమాట. క్రీ.పూ. మూడవ సహస్రాబ్దినాటి దొడ్డి అది. 1960లో జూనర్ రసాయన పరీక్షలు కూడ బూడిద పేడదేనని తేల్చినవి. అప్పటికి ఫుట్ గతించి నలువది యెనిమిది యేండ్లు.

1891లో ఉద్యోగ విరమణ చేసి, పిమ్మట బరోడా, మైసూరు సంస్థానములకు సేవచేసి, ఏర్కాడు కొండపై స్థిరపడెను. తాను సేకరించిన వేలకొలది వస్తువులను, ఏది ఎచ్చట దొరకెనో వివరముగా వ్రాసియుంచి, 1904లో మద్రాసు మ్యూజియమునకు చేర్చెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో మరణించెను. ఆ వస్తువుల పట్టికలు ఆయన మరణానంతరమే గ్రంథములుగా వెలువడినవి. ఈనాటికిని పరిశోధకులు వానిని చేతబట్టి దిబ్బలను వెదకుచున్నారు. కొన్నిచోట్ల పట్టికలో పేరు మాత్రమే మిగిలినది. దిబ్బను ఎరువుకై పొలములకు తరలించిరి.