ఊరు ఖాళీ చేయించిన ఆంధ్రరత్న

చీరాల: ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పేరు వినగానే చీరాల-పేరాల ఉద్యమం గుర్తుకు వస్తుంది. అయితే అంతకుముందు చాలాకాలం ఆయన ఏ కొలువులోనూ కుదురుకోలేదన్న సంగతి నేటి తరానికి అంతగా తెలియదు.

1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించిన ఆయన పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి బంధువుల వద్ద పెరిగారు. గుంటూరు జిల్లా కూచిపూడిలోను, గుంటూరులోను చదువు సాగింది. పాఠాల కన్నా నాటకాలు, పాటలపైనే మక్కువ. కొంతకాలం బాపట్ల తాలూకా కార్యాలయంలో ఉద్యోగం చేశారు. 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి స్కాట్లాండు వెళ్లి ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పూర్తిచేశారు. ఆనంద కుమారస్వామితో కలిసి ఆయన ఆంగ్లంలోకి అనువదించిన నందికేశ్వరుని అభినయ దర్పణం 1917లో అమెరికాలో అచ్చయింది. స్వదేశం తిరిగి వచ్చాక రాజమండ్రిలోను, బందరు జాతీయ కళాశాలలోను అధ్యాపకునిగా పనిచేసినా, పైవారితో పొసగక రెండుచోట్లా విరమించుకున్నారు.

ఒకరి కింద ఇమడని స్వభావం ఆయనది. పాట, మాట, అభినయం మాత్రం వెళ్లిన చోటికల్లా వెంట వచ్చాయి. నాయకునిగా ఆయనకు పెట్టుబడి అవే అయ్యాయి. కాషాయ వస్త్రాలు, మెడలో రుద్రాక్షలతో ఆయన తీర్చిదిద్దిన రామదండు 1921లో విజయవాడ అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశాలకు పోటెత్తిన జనాన్ని అదుపు చేసింది.

రామనగర్

చీరాల, పేరాల గ్రామాలను ప్రభుత్వం 1919లో మున్సిపాలిటీగా మార్చింది. యూనియన్‌గా ఉన్నప్పుడు ఏటా నాలుగు వేల రూపాయలుగా ఉన్న పన్నులు నలభై వేలకు చేరాయి. నేతపనివారు అధికంగా ఉన్న ఊరికి అది మోయరాని భారం. పన్ను నిరాకరించి ఒక మహిళ సహా పలువురు జైలుకు వెళ్లారు. 1921 ఏప్రిల్‌లో చీరాల వచ్చిన గాంధీజీ రెండు మార్గాలు సూచించారు. శాంతియుతంగా పన్ను నిరాకరణ సాగించడం ఒకటి, ఊరే విడిచిపోవడం మరొకటి. ఏది చేసినా కాంగ్రెసుపై ఆధారపడరాదని స్పష్టం చేశారు. జనం లేని ఊరికి మున్సిపాలిటీ ఉండదు కదా! గోపాలకృష్ణయ్య రెండో మార్గం ఎంచుకున్నారు.

సుమారు 15 వేల జనాభాలో 13 వేల మందికి పైగా మండువేసవిలో ఇళ్లు వదిలి, మున్సిపల్ హద్దుకు అవతల పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు. అన్ని కులాల ప్రతినిధులతో సభ ఏర్పడింది. తగాదాలను అక్కడే తీర్చుకున్నారు. ఎండకు, వానకు ఓర్చి పదకొండు నెలలు గడిపారు.

డబ్బు మాత్రం కరువైంది. విరాళాల కోసం బరంపురం వెళ్లిన గోపాలకృష్ణయ్యపై అక్కడి అధికారులు ఉపన్యాస నిషేధం విధించారు. ఆయన లెక్కచేయలేదు. ఏడాది శిక్ష పడింది. తిరుచిరాపల్లి జైలుకు తరలించారు. నోరు కట్టుకుని తిరిగి వచ్చి ఉంటే రామనగర్ నిలిచేదేమో గాని, అలా తలవంచగలిగితే ఆయన రాజమండ్రి కొలువులోనే ఉండిపోయేవారు. తాను లేనప్పుడు పగ్గాలు పట్టగల మనిషిని మాత్రం ఆయన సిద్ధం చేసుకోలేకపోయారు. 13 వేల మంది కష్టం ఒక్కరి భుజాన ఉండటమే ఆ ఉద్యమంలోని లోపం. 1922లో జనం ఒక్కొక్కరే పాత ఇళ్లకు చేరారు, పన్నులూ కట్టారు. మున్సిపాలిటీ అలాగే ఉండిపోయింది.

విడుదలైన తర్వాత ఆయన ఎంతోకాలం జీవించలేదు. పేదరికం, క్షయవ్యాధి కుంగదీయగా 1928 జూన్ 10న తన 39వ ఏట కన్నుమూశారు. నాడు గుంటూరు జిల్లాలో ఉన్న చీరాల 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి మారింది. విజయవాడలోని కాంగ్రెసు కార్యాలయం ఆంధ్రరత్న భవన్‌కు ఆయన పేరే పెట్టారు.