హాస్టల్ లేదంటే తానే పెట్టారు!

జగిత్యాల దగ్గరి నాచుపల్లి ఇంజనీరింగు కాలేజీ కావచ్చు, కోరుట్ల వెటర్నరీ కాలేజీ కావచ్చు, సిరిసిల్ల కాలేజీలు కావచ్చు. అమ్మాయికి సీటొచ్చిందనగానే ఏ తల్లయినా ముందు అడిగేది ఒకటే... ఆడపిల్లలకి హాస్టలుందా అని. దాదాపు తొంభయ్యేళ్ల కిందట ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇదే ప్రశ్నకి లేదనే జవాబు వచ్చింది. ఆ జవాబు విని ఇంటిదారి పట్టని విద్యార్థిని దుర్గాబాయి. తర్వాతి రోజుల్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా దేశమంతా ఎరిగిన మనిషి.

ఆమె 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి తనకొద్దని ఆమే తేల్చి చెప్పేశారు.

1923 కాకినాడ కాంగ్రెసు కథ చాలామందికి తెలిసిందే. ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర పద్నాలుగేళ్ల వాలంటీరు దుర్గాబాయి. టికెట్ లేకుండా వచ్చిన నెహ్రూని ఆపేసింది! పెద్దలు పరుగెత్తుకొచ్చి టికెట్ కొంటేగానీ లోపలికి వదల్లేదు. ఈ కథని అందరూ చెప్తారు కానీ, నన్నడిగితే అసలు గొప్పతనం అంతకుముందు చేసిన పనిలో ఉంది. ఆ సభల్లో పనిచేయాలంటే ఆడవాళ్లకి హిందీ రావాలి కదా! అందుకని ఆ వయసులోనే బడి పెట్టి, వందలమందికి హిందీ నేర్పేశారు.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. బయటికొచ్చాక, ఆగిపోయిన చదువు పట్టుకున్నారు. బెనారసు విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్యాసయ్యి, బీయే కోసం వాల్తేరు వెళ్లారు. అప్పుడు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఆడపిల్లలకి హాస్టలు లేదు కాబట్టి సీటివ్వలేమన్నారు. దుర్గాబాయి ఏడవలేదు, అర్జీల మీద అర్జీలూ పెట్టలేదు. వసతి లేక చదువాగిన అమ్మాయిలు తనకి రాయండంటూ పత్రికలో ప్రకటన ఇచ్చారు. పదిమంది దాకా ముందుకొచ్చారు. అందరూ కలిసి చోటు వెతుక్కుని, తామే హాస్టలు నడుపుకున్నారు. ఇంక విశ్వవిద్యాలయం కాదనడానికేముంది? సీట్లిచ్చింది!

ఇప్పుడైతే కాలేజీల్లో ఎన్నెస్సెస్ ఉంది. 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో, నలభై వేలమంది విద్యార్థులతో మొదలైంది. క్యాంపులు, శ్రమదానం, సర్టిఫికెట్లు... అన్నీ ఉన్నాయి. ఆమె చదువుకునేనాటికి అలాంటివేం లేవు. తన సీటు ఒక్కటీ చూసుకుని ఊరుకుంటే మిగతా అమ్మాయిలు ఇళ్లలోనే ఉండిపోయేవాళ్లేమో!

1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. మొదట్లో అక్కడ జరిగిన పనేంటో తెలుసా? బెనారసు మెట్రిక్ పరీక్షకి ఆడపిల్లల్ని తయారు చేయడం. తను దాటిన గట్టునే ఇంకొకళ్ల చేత దాటించారన్నమాట. తర్వాత లా చదివి ప్లీడరయ్యారు. రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. 1953లో చింతామణి దేశ్‌ముఖ్‌ని పెళ్లాడారు. అదే ఏడు కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు. మధ్యలో బడి మానేసిన ఆడవాళ్లు తక్కువ కాలంలో పరీక్షలు ప్యాసయ్యేలా ఆ బోర్డు ప్రత్యేక తరగతులు నడిపింది. అందులో చేరినవాళ్లలో వితంతువులూ, భర్త వదిలేసినవాళ్లూ ఉన్నారు.

1981 మే 9న దుర్గాబాయి కన్నుమూశారు. ఆంధ్ర మహిళా సభ హైదరాబాదులో పెట్టిన ఆడపిల్లల కాలేజీ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఉంది.