బొగ్గు గనిలో ఊపిరి లెక్క తేల్చిన హాల్డేన్.. బైప్యాప్ పెట్టే నర్సులకు నేటికీ ఆయన పాఠమే!

కొత్తగూడెం: సింగరేణి బొగ్గుతో బతికే కొత్తగూడెంలో ఊపిరి విలువ ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. దుమ్ము, పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు ఆయాసం ముదిరితే ఇప్పుడు ముఖానికి మాస్క్ బిగించి బైప్యాప్ పెడుతున్నారు. గొంతులో గొట్టం వేయకుండానే గాలిని ఒత్తిడితో లోపలికి పంపే మిషన్ ఇది. దాని పక్కన ఉండే నర్సుకు తెలియాల్సిన అసలు సంగతిని వందేళ్ల కిందటే తేల్చిన శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్.

గనుల్లోకి దిగిన డాక్టర్

హాల్డేన్ 1860లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టారు. 1884లో అక్కడే వైద్యవిద్య పూర్తి చేశారు. ప్రాక్టీస్ పెట్టుకోలేదు. మనిషి పీల్చే గాలి మీదే జీవితమంతా పనిచేశారు.

1896లో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గనిలో పేలుడు జరిగి 57 మంది చనిపోయారు. పేలుడు ధాటికే పోయారని అంతా అనుకున్నారు. మృతదేహాలను పరీక్షించిన హాల్డేన్ మాత్రం ఎక్కువమందిని చంపింది కార్బన్ మోనాక్సైడ్ అని తేల్చారు. రంగు, వాసన లేని ఆ గ్యాస్‌ను అంతకుముందే తానే పీల్చి, ఒంట్లో వచ్చే మార్పులు రాసుకున్నారు. గ్యాస్‌ను ముందే పసిగట్టడానికి గనుల్లోకి ఎలుకల్ని, చిన్న పక్షుల్ని తీసుకెళ్లాలన్న సలహా ఆయనదే.

ఊపిరి తాళం ఎక్కడుంది?

1905లో ప్రీస్ట్లీతో కలిసి చేసిన పరిశోధన అసలు మలుపు. మామూలుగా మనిషి శ్వాస వేగాన్ని నడిపించేది ఆక్సిజన్ కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ అని ఇద్దరూ చూపించారు. రక్తంలో ఆక్సిజన్ పెరిగితే కార్బన్ డయాక్సైడ్‌ను మోసే శక్తి తగ్గుతుందని 1914లో మరో పరిశోధనలో తేలింది. దీన్నే నేటికీ హాల్డేన్ ఎఫెక్ట్ అంటున్నారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో సైనికులపై క్లోరిన్ గ్యాస్ వదిలినప్పుడు, అదేంటో తేల్చడానికి ఆయన్నే పంపారు. గ్యాస్ బాధితులకు ఆక్సిజన్ ఎలా ఇవ్వాలో 1917లో రాశారు. అప్పుడప్పుడూ కాసేపు కాదు, కొలత ప్రకారం ఆపకుండా ఇవ్వాలన్నది ఆయన వాదన. అందుకు మాస్క్ ఉన్న పరికరాన్నీ తయారు చేశారు.

కాకినాడతో బంధం

న్యుమోనియాతో 1936 మార్చిలో హాల్డేన్ ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు. చిన్నప్పుడు ఆయన వెంట గనుల్లోకి దిగిన కొడుకు జేబీఎస్ హాల్డేన్ పెద్ద జన్యుశాస్త్రవేత్త అయ్యారు. 1957లో ఇండియా వచ్చి, ఇక్కడి పౌరుడయ్యారు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాక, ఆయన కోరిక ప్రకారమే దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి అప్పగించారు.

వార్డులో ఆ పాఠం

కరోనా తర్వాత వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఇంటింటికీ తెలుసు. కానీ అది చెప్పేది ఆక్సిజన్ లెక్క మాత్రమే. సీఓపీడీ పేషెంట్‌కు ఆక్సిజన్ బాగా పెంచేస్తే మీటర్‌లో 98 కనిపిస్తుంది. లోపల మాత్రం కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంటుంది. మనిషి హాయిగా పడుకున్నాడని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిజానికి మత్తులోకి జారిపోతూ ఉండొచ్చు.

అందుకే ఇలాంటి పేషెంట్లకు 88 నుంచి 92 శాతం చాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. బైప్యాప్ పెట్టాక నర్సు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెట్టాలి. పిలిస్తే పలుకుతున్నాడా, మాస్క్ పక్కనుంచి గాలి పోతోందా, వాంతి వచ్చేలా ఉందా అని గమనిస్తూ ఉండాలి. గంట, రెండు గంటల్లో రక్తంలో గ్యాస్ పరీక్ష చేయించి డాక్టర్‌కు చూపించాలి. మార్పు లేకపోయినా, మత్తు పెరిగినా వెంటనే డాక్టర్‌ను పిలవాలి.

మిషన్ గాలిని తోస్తుంది, అంతే. ఆ గాలి పనిచేస్తోందో లేదో ముందుగా పసిగట్టాల్సింది మంచం పక్కనున్న నర్సే.