ఆచార్య హాల్డేన్: రాళ్ళా? పురుగులా?

పరిణామానికి గట్టి సాక్ష్యం భూగర్భశాస్త్రం ఇస్తుందా, జీవశాస్త్రం ఇస్తుందా? మన క్యాంటీనులో ఎన్నటికీ తేలని తగువుల్లో ఇదొకటి. రెండు పక్షాలవారూ మావాడే అనదగిన మహనీయుడు జె.బి.ఎస్. హాల్డేన్.

1892లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించాడు. తండ్రి పేరుమోసిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. కొడుకు చదివింది మాత్రం గణితమూ, గ్రీకు లాటిన్ సాహిత్యమూను. సైన్సులో డిగ్రీ పుచ్చుకోనేలేదు! (మార్కుల జాబితాలతో కుస్తీ పట్టే మనకిది కాస్త ఊరట.) మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చి, జీవశాస్త్రంలో స్థిరపడ్డాడు.

మాంచెస్టరులో 1848 నాటికి అరుదుగా కనిపించిన నల్ల రెక్కల పురుగులు, ఫ్యాక్టరీల పొగ పెరిగాక యాభై ఏళ్ళలో తెల్లవాటిని దాదాపు తుడిచిపెట్టాయి. అంత వేగం రావాలంటే నల్లవి ఒకటిన్నర రెట్లు సంతానం నిలుపుకోవాలని 1924లో హాల్డేన్ లెక్కగట్టాడు. ఈ లెక్క మన చేలకు పరాయిది కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం పత్తిచేలల్లో ఎన్ని మందులు కొట్టినా శనగపచ్చ పురుగు చావలేదు. మందుకు తట్టుకున్నవే పిల్లల్ని పెట్టాయి, ఆ పిల్లలే చేనంతా నిండాయి. ఆ ఏడు అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు.

పురుగు పురుగుగానే ఉంది గదా, కోట్ల ఏళ్ళ సంగతేమిటంటారు భూగర్భశాస్త్ర మిత్రులు. న్యాయమే. పరిణామం తప్పని దేనివల్ల తేలుతుందని అడిగితే, అతి ప్రాచీన శిలల్లో కుందేలు దొరికితే చాలునన్నాడట హాల్డేన్. మన భాషలో చెప్పాలంటే, ఒంగోలు ప్రాంతపు వేమవరం రాళ్ళలో మిరపాకు దొరకాలి! పది కోట్ల ఏళ్ళు పైబడిన ఆ పొరల్లో సైకస్‌ను పోలిన ఆకుల ముద్రలున్నాయి, మిరప లేదు, పత్తీ లేదు. ఏది ముందో ఏది వెనకో చెప్పేవి రాళ్ళే, ఎలా మారిందో చూపేవి జీవులే. హాల్డేన్‌కు రెండూ కావలసివచ్చాయి. శిలాజాల్లో మార్పు వేగాన్ని కొలవడానికి 1949లో ఒక కొలమానం ప్రతిపాదించి, దానికి 'డార్విన్' అని పేరు పెట్టాడు.

1957లో కలకత్తా వచ్చి, 1961లో భారత పౌరుడైనాడు. పంచె, కుర్తా ఆయన వేషం. మన తెలుగువాడే అయిన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు ఆంధ్రదేశపు మేనరికాల మీద పరిశోధన చేశాడు.

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కేన్సరుతో మరణించాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు, విద్యార్థుల చదువు కోసం, అప్పగించారు.