గడప వెలుపలి భక్తాగ్రేసరుడు

పండరిపుర యాత్రకు వెళ్ళినప్పుడు మీరు చంద్రభాగా నదిలో స్నానమాచరించి పాండురంగని ఆలయ మహాద్వారం చేరుకుంటారు. భక్త నామదేవుని పేరిట వెలసిన మెట్టుకు మ్రొక్కి లోనికి సాగిపోతారు. ఆ మెట్టుకు ఎదురుగా ఉన్న చిన్న సమాధి వద్ద ఒక్క క్షణం ఆగండి. అది సంత్ చోఖామేళాది. బ్రతికినంతకాలం తనను దాటనివ్వని గడప ముందే ఆ మహాభక్తుడు శాశ్వతంగా విశ్రమించాడు.

చోఖామేళా పద్నాలుగవ శతాబ్దికి చెందినవాడు. నాటి సమాజం అంటరానిదిగా ఎంచిన మహర్ కులంలో జన్మించాడు. పండరికి సమీపంలోని మంగళవేఢె ఆయన నివాసం. ఊరిలోని పశుకళేబరాలను మోయడం, వెట్టిచాకిరీ చేయడం ఆ కులానికి విధించిన పనులు. నామదేవుని సాంగత్యంలో విఠలభక్తి అలవడి, ఆ చాకిరీ నడుమనే ఆయన అభంగాలు పాడాడు. భార్య సోయరాబాయి, కుమారుడు కర్మమేళా, సోదరి నిర్మల, ఆమె భర్త బంకా కూడా అభంగకర్తలే. మైల లేని దేహమెక్కడున్నదని సోయరాబాయి తన పాటలో ప్రశ్నించింది.

ఒకనాటి రాత్రి విఠలుడే స్వయంగా చేయిపట్టి ఆయనను గర్భగుడిలోకి తీసుకువెళ్ళాడనీ, అది తెలిసిన అర్చకులు ఆయనను నది ఆవలికి వెళ్ళగొట్టారనీ భక్తుల కథనం. దేవుడు చేరదీసినా మనుషులు చేరనివ్వలేదని ఆ కథ తెలుపుతున్నది.

1338లో మంగళవేఢెలో ఊరి ప్రాకారం కడుతుండగా గోడ కూలి, తోటి కూలీలతోపాటు చోఖామేళా మరణించాడు. శిథిలాలలో ఆయన అస్థికలను గుర్తించడమెలా? విఠల నామం వినిపించిన ఎముకలను నామదేవుడు ఏరి తెచ్చి, మహాద్వారం ముందు సమాధి చేశాడని భక్తుల విశ్వాసం.

ఆయన అభంగాలను లోకం తరతరాలుగా పాడుకున్నది. ఆయన కులస్థులకు మాత్రం తలుపు తెరవలేదు. 1947 మే నెలలో సానే గురూజీ పండరిలో నిరాహారదీక్ష పూనిన పిమ్మట గానీ హరిజనులకు ఆ ఆలయప్రవేశం లభించలేదు. అంటే చోఖామేళా మరణించిన ఆరువందల తొమ్మిదేళ్ళకు! ఆ మరుసటి ఏడాది అంబేద్కర్ అస్పృశ్యుల పుట్టుపూర్వోత్తరాలపై రచించిన గ్రంథాన్ని నందనార్, రవిదాస్, చోఖామేళాల స్మృతికి అంకితమిచ్చారు.

భక్తుని సహనాన్ని కొనియాడడం సులభం. ఆ సహనం ఆయనకు ఎందుకు అవసరమైనదో ఆలోచించడమే కష్టం. పాదరక్షలు విడిచి గుడిలో అడుగుపెట్టేటప్పుడు, ఆ గడప వెలుపల ఇంకా ఎవరినైనా నిలబెట్టామా అని ఒక్కసారి వెనుదిరిగి చూడండి. చోఖామేళా సమాధికి మనం చేయగలిగిన నిజమైన నమస్కారమదే.